సారథులకు పంక్తి

మహర్నవమి నాడో, విజయదశమి నాడో అనంతపురం సీమలో ఏ బస్సు నిలయమునకు పోయి చూచినను ఒకే దృశ్యము కానవచ్చును. బస్సును తెల్లవారకమునుపే కడిగియుందురు. ముందుటద్దమునకు పసుపు కుంకుమల బొట్లు, బంతిపూల దండ, ఇరుప్రక్కల అరటి పిలకలు. చక్రముల క్రింద నిమ్మకాయలు. కర్పూరము వెలిగించి, బూడిద గుమ్మడికాయను బస్సు ముందు త్రిప్పి నేలకు కొట్టుదురు. పిమ్మట బొరుగులు, పుట్నాలు, బెల్లము కలిపి అక్కడ చేరినవారందరికి పంచుదురు. ఆర్టీసీ డిపోలలోను ఇదే ఆచారము. బడి ఆవరణలో వరుసగా నిలిచిన పసుపుపచ్చని బస్సుల వద్దను ఇదే ఆచారము. ఇందు గమనింపదగిన విషయమొకటి గలదు. బస్సును కడిగినవాడు డ్రైవరు. దండ కట్టినవాడు డ్రైవరు. నిమ్మకాయలు, గుమ్మడికాయ తెచ్చినవాడును పెక్కుచోట్ల అతడే, అదియు తన చేతి డబ్బుతో. పూజ మాత్రము బస్సునకు జరుగును.

ఇష్టలింగమును దక్క వేరొక పూజ నెరుగమని చెప్పు ఇండ్లలో సైతము ఈనాడు మోటారు సైకిలుకును ట్రాక్టరుకును బొట్టు పెట్టుట మానలేదు. ఆ వివాదము ఇచ్చట అవసరము లేదు. అయితే బసవేశ్వరుడు స్థావరమునకును జంగమమునకును చూపిన భేదము మాత్రము ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. కట్టి నిలిపిన దానికంటె ప్రాణము గలిగి కదలాడునదే మిన్న యని ఆయన తలంపు. గురు లింగ జంగమములలోని జంగమ శబ్దమునకు మన శాస్త్రములలో ప్రత్యేకార్థము గలదు, నిజమే. అయినను ఆ భేదమును ఇంచుక విశాలముగా చూచినచో, దినమెల్ల తిరిగినను బస్సు స్థావరమే యగును. అందులో చైతన్యము గలది స్టీరింగు పట్టిన మనుష్యునియందే. దండ ఏ మెడకు పడవలెనో ఆ మెడ ప్రక్కన నిలిచి చూచుచుండును.

బడి సెలవులకు ముందు, బస్సు నడుపువారికిని, వారితోడి సహాయకులకును ఒకపూట విందు చేసి కృతజ్ఞత తెలుపవలెనను కోరిక ఈ కాలమున కొందరు తల్లిదండ్రులకు కలుగుచున్నది. ఇతర దేశములలో ఇది క్రొత్త గాదు. అమెరికాలో డిసెంబరు సెలవులకు ముందు బిడ్డలచేత బస్సు డ్రైవరుకు ఒక చిన్న కానుకయో, చేతివ్రాత పత్రమో ఇప్పించుట గలదు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకును అది అలవడినది. ఇచ్చటను ఏటా జనవరి 24న ఆర్టీసీ డిపోలలో డ్రైవర్ల దినము జరిపి, బస్సెక్కబోవు డ్రైవరు చేతిలో ఒక గులాబి పువ్వు ఉంచుట వాడుకయైనది. కోరిక మంచిదే. కాని దాని వెంట ప్రశ్నలును వచ్చును. జీతము పుచ్చుకొని పనిచేయువానికి వేరుగా కృతజ్ఞత ఏల? చూపినచో అది దానమా, దాసోహమా? ఒకపూట భోజనముతో ఏ ఋణము తీరును, ఏది తీరదు?

వీనికి సమాధానము వెదకువారు ముందుగా ఆ డ్రైవరు ఎచ్చటినుండి వచ్చినవాడో తెలిసికొనవలెను. 2022 ఏప్రిల్ 4 నుండి అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలుగా ఉన్న ఈ సీమ దక్కను పీఠభూమిలో వానమబ్బులకు చాటున పడిన చోటు. నైరుతి మేఘములను పడమటి కనుమలు ఆపును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము తగ్గియుండును. ఏడాదికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశములో తక్కువ వాన గల జిల్లాలను చెప్పునప్పుడు జైసల్మేరు తరువాత అనంతపురమును చెప్పుట పరిపాటి. ఆ వాన కూడ విత్తునప్పుడు రాక, ఊడలు దిగునప్పుడు రాక, కాయ పీకి కుప్ప వేసినప్పుడు వచ్చి తడిపిపోవుట ఇచ్చటి రైతు లెరిగినదే. ఎఱ్ఱనేలలో వేరుసెనగ నమ్ముకొన్నవాడు ఒక బోరు వేయించును, నీరు పడదు. రెండవది వేయించును, రెండేండ్లు పారి ఎండును. మూడవదానికి అప్పు పుట్టదు. అప్పుడు ఆ ఇంటి కుమారులలో ఒకడు బెంగుళూరుకు పోవును, ఒకడు భారీ వాహనముల లైసెన్సు సంపాదించి స్టీరింగు పట్టును. కళ్యాణదుర్గము, రాయదుర్గము, మడకశిర, హిందూపురము, కదిరి, ఏ పట్టణపు బడి బస్సును చూచినను నడుపువానిలో ఒక రైతు దాగియుండుట అరుదు గాదు. ఆకాశమువైపు చూచు అలవాటు అతనికి పోలేదు. ఇప్పుడు చూచుట చేనికొఱకు గాదు, వంకకొఱకు.

వంక సంగతి ఈ సీమవారికి విప్పి చెప్పనక్కరలేదు. ఏడాదిలో పదినెలలు ఇసుకయే కనబడు వాగు ఒక్క రాత్రి వానకు రహదారిమీదికి పొంగును. కరువు నేల కదా, నీటి భయమేమని పైవారనుకొందురు. 2021 నవంబరు 19న చిత్రావతి ప్రవాహమున చిక్కుకొన్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి పైకి తీయవలసి వచ్చినది. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణములోని కాలనీలే నడిమి వంక నీట మునిగినవి. అట్టి ప్రొద్దున ఒక బడి బస్సు వంక గట్టున నిలిచియున్నదనుకొందము. వెనుక నలుబదిమంది పిల్లలు. నీరు మోకాలి లోతే యని గట్టుమీదివారు చెప్పుచుందురు. ముందు ఒక లారీ దాటిపోయినది. బడికి ఆలస్యమైనదని ఫోను మ్రోగుచున్నది. డ్రైవరు దిగి, నీటి రంగును, దానిలో కొట్టుకొనివచ్చు కంపను ఒకసారి చూచి, బస్సును వెనుకకు త్రిప్పును. పిల్లలు ఇంటికి వచ్చి, ఈదినము బడి లేదని ఎగిరి గంతులు వేయుదురు. ఆ డ్రైవరు చేసిన మేలేమి? ఏమియు జరుగలేదు. అదే అతడు చేసిన మేలు.

ఇచ్చటనే ఈ కృతజ్ఞత యొక్క కష్టమంతయు ఉన్నది. వైద్యుడు రోగము కుదిర్చినచో ఆ మేలు కంటికి కనబడును. గురువు చెప్పిన చదువు మార్కుల పట్టికలో కనబడును. వంట చేసినవాని నేర్పు నాలుకకు తెలియును. సారథి నేర్పు మాత్రము ఏమియు జరుగకపోవుటయందే ఉన్నది. అతని పని ఎంత బాగుగా సాగినచో అంతగా మరుపునకు వచ్చును. బిడ్డ ఏడు గంటలకు వేపచెట్టు క్రింద బస్సెక్కెను, సాయంకాలము అదే చెట్టు క్రింద దిగెను. తల్లి ఆ మధ్యకాలమున ఒక్కసారియు గడియారమువైపు చూడలేదు. చూడకుండుటకు కారణమైనవాడొకడు ఉన్నాడని ఆమెకు తోచదు. అది ఆమె దోషముకాదు, ఆ పని స్వభావమే అట్టిది. పురాణములోను ఇట్లే జరిగినది. త్రిపుర సంహారమునకు పరమశివుడు బయలుదేరినప్పుడు భూమి రథమైనది, సూర్యచంద్రులు చక్రములైరి, మేరువు విల్లయినది, విష్ణువు బాణమాయెను. ఇంతవరకు భక్తులందరును తడుముకొనక చెప్పుదురు. సారథి ఎవరని అడిగినచో కొందరు ఆలోచింతురు. బ్రహ్మదేవుడంతటివానికే ఆ పీఠముపై కూర్చున్నప్పుడు ఆ గతి పట్టినది.

అతడొకడున్నాడని లోకము ఎప్పుడు తెలిసికొనును? విపత్తు వచ్చిన నాడు. 2014 జూలై 24న మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైలు గేటు దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పసిపిల్లలు, వారితోపాటు డ్రైవరును మరణించిరి. 2015 జనవరి 7న మడకశిర వైపునుండి పెనుకొండకు వచ్చుచున్న పల్లెవెలుగు బస్సు పెనుకొండ సమీపమున లోయలో పడినది. అందును పదిమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు చదువుకొనుటకు పోవుచున్న పిల్లలే. పసుపు బస్సు ఎక్కగల స్తోమత లేని బిడ్డలకు ఈ సీమలో పల్లెవెలుగే బడి బస్సు. అట్టి దినములలో తప్పెవరిదని విచారణలు జరుగును, జరుగవలెను. అయితే డ్రైవరు అను మాట పత్రికలో కనబడుటకు అది యొక్కటే సందర్భము కావలెనా యని ఆలోచించినవారు తక్కువ. ఒక మనుష్యుని తప్పునకు మాత్రమే గుర్తుంచుకొని, అతని ఇరువదియేండ్ల ఒప్పును లెక్కించని లెక్క ఏ దైవము ముందును సరిపోదు.

జీతమిచ్చుచున్నాము కదా యను మాటకు వత్తము. ఆ మాట చెడ్డది గాదు, దానిలో సగము సత్యము గలదు. జీతము కాలమునకు వెల. ప్రొద్దున ఇన్ని గంటలు, సాయంకాలము ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు అని కొలిచి ఇచ్చునది. అనుభవమునకును వెల కట్టవచ్చును. 1997లో సుప్రీంకోర్టు ఢిల్లీ వాహనముల వ్యాజ్యములో ఇచ్చిన ఆదేశములలో, బడి బస్సు నడుపువానికి భారీ వాహనములలో కనీసము ఐదేండ్ల అనుభవము ఉండవలెనన్నది. కాని వంక గట్టున అతడు వెనుకకు త్రిప్పిన క్షణమునకు వెల యెంత? ఆ క్షణమున అతని జీతము పెరుగలేదు. పైగా బడివారిచేత చీవాట్లు తినియుండవచ్చును. ఆ నిర్ణయమును ఎవరును కొనలేదు, కొనజాలరు. అది అతడు స్వయముగా ఇచ్చినది. కనుక తల్లిదండ్రులకు అతనితో రెండు లెక్కలున్నవి. ఒకటి జీతపు లెక్క, రెండవది నమ్మకపు లెక్క. మొదటిది చెల్లించితిమని రెండవదానిని కొట్టివేయరాదు. రెండవదానికి ఒక పూలదండ వేసి మొదటిదానిని ఎగవేయనురాదు. ఈ రెండవ మోసము మొదటిదానికంటె తరచుగా జరుగును.

శరణుల చరిత్రలో ఈ రెండు లెక్కలకును వెలుగు దొరకును. పన్నెండవ శతాబ్దిలో కళ్యాణ నగరమున అల్లమప్రభువు అధ్యక్షతన సాగిన అనుభవ మంటపమునకు వచ్చినవారిని చూచినచో, వారి పేర్ల ముందు వారి పనులే ఉన్నవి. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. మేదర కేతయ్య బుట్టలల్లువాడు. తురుగాహి రామన్న పసులు మేపువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. పాల్కురికి సోమనాథుడు పదుమూడవ శతాబ్దిలో తెలుగున బసవపురాణమును రచించినప్పుడు, మాచయ్యకును కుమ్మర గుండయ్యకును రాజులకు దక్కని చోటిచ్చెను. ఆ పనులను వారు జీవనోపాధిగా మాత్రమే చూడలేదు. కాయకమనిరి, కైలాసమును అందే చూచిరి.

వీరిలో చౌడయ్య బడి బస్సు సారథికి స్వకులమువాడు. కులమనగా ఇచ్చట పని అని అర్థము. ఏటి ఈ గట్టున ఉన్నవారిని ఆ గట్టునకు చేర్చుట అతని కాయకము. పడవ ఎక్కినవానికి అతని ముఖముతో పని లేదు, ఆవలి ఒడ్డుతోనే పని. ఆవలి ఒడ్డు రాగానే వెనుదిరిగి చూడక నడచిపోవును. బాటసారులచేత మరువబడుటయే వృత్తిగా గల ఆ మనుష్యుడు, పండితుల నడుమ కూర్చుండి, వారిలో అందరికంటె పరుషముగా, జంకు లేక మాటలాడినవాడుగా వచన సాహిత్యమున నిలిచెను. అనుభవ మంటపము అతనికి సన్మానము చేయలేదు. అతనిని కూర్చుండబెట్టి అతని మాట వినినది. ఈ భేదము ముందునకు పనికివచ్చును.

నులియ చందయ్య కథయు ఇచ్చట చెప్పదగినదే. అతడు గడ్డి కోసి త్రాళ్లు పేని అమ్మి, వచ్చినదానితో జంగమ దాసోహము చేయువాడు. ఒకనాడు చెరువులో గడ్డి కోయుచుండగా మెడలోని లింగము జారి నీట పడినదనియు, అతడు పని ఆపలేదనియు కథ. లింగమునే విడిచిన భక్తుడా యని మొదట వినువారు ఉలికిపడుదురు. బస్సు నడుపువారికి ఈ కథ వెంటనే బోధపడును. త్రోవలో గుడి కనబడినప్పుడెల్ల స్టీరింగు విడిచి రెండు చేతులు జోడించు డ్రైవర్లు ఉన్నారు. వారి భక్తిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే వెనుక నలుబది ప్రాణములున్నప్పుడు ఆ రెండు చేతులు ఎచ్చట ఉండవలెనో చందయ్య ఎన్నడో చెప్పియున్నాడు.

కాయకమును ఇంతగా పొగడునప్పుడు ఒక ప్రమాదము పొంచియుండును. దానిని చెప్పకున్నచో ఈ చర్చ అసత్యమగును. పని కైలాసమే యైనప్పుడు జీతమేల అడుగుచున్నావని యజమాని పనివానితో అనవచ్చును. అట్లనినవారు లేకపోలేదు. వారికి ప్రియమైన కథ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మలది. ఆ దంపతులు కళ్యాణములో బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి, వానితో దాసోహము చేసి బ్రదికినవారు. ఒకనాడు మారయ్య మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ చూచి, ఇది మన అవసరమునకు మించినది, తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఆశ భక్తునికి తగదని ఆమె భావము. ఎంత గొప్ప మాట!

కాని ఆ మాట ఎవరి నోటినుండి వచ్చినదో గమనింపవలెను. అది లక్కమ్మ తన భర్తతో పలికినది. బసవేశ్వరుడు మారయ్యతో పలికినది గాదు. ముంగిలి యజమాని నోట అదే మాట వచ్చియుండినచో అది లోభమయ్యెడిది. ఏరుకొనువారు ఎక్కువ వద్దనిరి. ఇచ్చువాడు ఎక్కువ రాల్చుటకే ప్రయత్నించెనని కథ. ఎవరి ధర్మము వారిది. తృప్తి అనునది పనివాడు తనకు తాను విధించుకొను నియమము. పరులు అతనికి విధించునది గాదు. బడిని నడుపు పెద్దలు, పిల్లల తండ్రులు లక్కమ్మ కథను డ్రైవరుకు చెప్పనక్కరలేదు. వారు వినవలసిన కథ బసవేశ్వరుని ముంగిలిది.

అందువలన విందు మాట ఎత్తువారు మొదట జీతపు పుస్తకము తెరచి చూచుట మేలు. కొన్ని బడులలో డ్రైవరుకు పదినెలల జీతమే. ఏప్రిల్ చివరను గేటు మూసినచో మరల జూన్ నెల బడి తెరచువరకు అతని ఇల్లు ఎట్లు గడచునో అడుగువారు లేరు. బడి బస్సుల సామర్థ్య పత్రములకు మే 15తో గడువు ముగియును. రంగు వేయుట, బ్రేకులు చూచుట, రవాణా కార్యాలయము ముందు బస్సును నిలుపుట అంతయు ఆ ఎండలలోనే. బస్సునకు వేసవిలో సంరక్షణ గలదు. నడుపువానికి అది లేనిచోట ఒకపూట ఓళిగలు పెట్టి చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు ఈ విషయము బయటపడినది. నెలల తరబడి బస్సులు ఆవరణలలో దుమ్ము పట్టి నిలిచినవి. నడుపువారిలో పలువురు కూలికి పోయిరి, కూరగాయల బండ్లు తోసిరి. ఆ కాలమున జీతమును, సగమైనను, ఆపక ఇచ్చిన యజమాని పూలదండ వేయకున్నను కృతజ్ఞత చూపినవాడే.

జీతపు లెక్క సరిపోయినదనుకొందము. అప్పుడు రెండవ లెక్క. దీనికి విందు తగినదే, అయితే ఎట్టి విందు? దానమునకును దాసోహమునకును భేదమిచ్చటనే తేలును. దానమునందు ఇచ్చువాడు మీద, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమను మాటయందే నేను దాసుడనని ఉన్నది. పెట్టువాడు తనను సేవకునిగా భావించినప్పుడే అది దాసోహము. తినువానికి ఆకలి ఉన్నదా లేదా యన్నది తరువాతి మాట. ఈ సీమ సరిహద్దు దాటినంతనే తుమకూరు జిల్లాలో సిద్ధగంగ మఠమున్నది. 2019 జనవరి 21న లింగైక్యమైన శివకుమార స్వామివారి కాలమునుండి అచ్చట వేలాది విద్యార్థులకు కులమత విచక్షణ లేక నిత్యము అన్నము, వసతి, విద్య ఉచితముగా లభించుచున్నవి. అచ్చట ఏ బిడ్డను వేదికనెక్కించి, నీకు అన్నము పెట్టినవారికి కృతజ్ఞత చెప్పుమని అడుగరు. కూర్చుండుము, వడ్డింతురు, తినుము. అంతే.

సన్మాన సభలకు అలవాటుపడిన ఈ కాలమున డ్రైవర్ల విందు ఎట్లు జరుగునో ఊహించుట కష్టము గాదు. షామియానా వేయుదురు. వేదికమీద పెద్దలు కూర్చుందురు. ఎండలో డ్రైవర్లు నిలిచియుందురు. అతిథులు వరుసగా ప్రసంగింతురు. క్రమశిక్షణను గూర్చియు, వేగము తగ్గించుటను గూర్చియు ఉపదేశములును అందులో చేరును. ఆపైన ఒక్కొక్కరిని పిలిచి శాలువ కప్పి, ఫోటో తీయుదురు. పేరు సరిగా పలుకలేక పిలుచువాడు తడబడును. చిట్టచివర అతిథులు తినిపోయిన పిదప డ్రైవర్లకు విస్తర్లు. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. అయినను ఇంటికి పోవునప్పుడు ఆ శాలువ అతని భుజముమీద కొంచెము బరువుగానే ఉండును.

దాసోహమైనచో వేదిక అక్కరలేదు. పంక్తి చాలును. తండ్రులును తల్లులును వడ్డింపవలెను. వడ్డించిన పిదప అదే పంక్తిలో, అతని ప్రక్కన కూర్చుండి తినవలెను. ఈ ప్రక్కన కూర్చుండుట చిన్న విషయము గాదు. బస్సు నడుపువారిలో దూదేకులవారు ఉందురు, క్రైస్తవులు ఉందురు, ఊరి చివర వాడలనుండి వచ్చినవారు ఉందురు. బిడ్డను ప్రతిదినము వారి చేతికి అప్పగించుటకు ఏ ఇంటికిని అభ్యంతరము కలుగలేదు. ప్రాణమునకు లేని మైల విస్తరికి ఎట్లు వచ్చునో చెప్పగలవారు లేరు. సమగారమైన హరళయ్య ఇంటికిని, బ్రాహ్మణుడైన మధువరసు ఇంటికిని వియ్యము కుదిరినందుకే కళ్యాణము అట్టుడికినదని తెలిసిన వంశములవారికి ఈ మాట విడమరచి చెప్పుట అనవసరము. కాని చెప్పవలసిన ఇండ్లు నేటికిని ఉన్నవి.

దినమును నిర్ణయించుటయు అతనిని అడిగియే చేయవలెను. దసరా సెలవులలో పిల్లలు లేరు, బస్సులు ఖాళీ, కనుక ఆ దినములే అనుకూలమని పెద్దలు తలంతురు. డ్రైవరుకు అవి ఖాళీ దినములు గావు. వేరుసెనగ పీకుట సామాన్యముగా ఆ రోజులలోనే మొదలగును. సొంత చేనున్నవాడు చేనిలో ఉండును. లేనివాడు ట్రాక్టరు తోలియో, లారీ ఎక్కియో నాలుగు రూకలు సంపాదించుకొనుచుండును. ఆ కూలి పోగొట్టుకొని వచ్చి తినవలసిన విందు అతనికి ఖర్చే. సెలవులిచ్చు చివరి దినమున, మధ్యాహ్నము, పిల్లలు తరగతులలో ఉండగా పెట్టిన భోజనము అతనికి అనుకూలము కావచ్చును. సంక్రాంతి ముందరి దినము మేలని అతడే చెప్పవచ్చును. అడిగినచో తెలియును. అతనితోపాటు బస్సులో పసివారిని ఎక్కించి దింపు ఆయాలను, క్లీనర్లను మరువరాదు. కూర్చుండబెట్టి, చౌడయ్య మాటను మంటపము విన్నట్లు, ఏ మలుపు చెడినదో, ఏ వంక మీద గోడ కూలినదో, ఏ ఇంటివారు బిడ్డను రోడ్డు కావలి ప్రక్కన నిలుపుచున్నారో అతనిచేత చెప్పించుకొని వినినచో, ఆ భోజనమునకు పెట్టిన ఖర్చు రెండింతలై తిరిగి వచ్చును.

చేతికి డబ్బు కవరు ఇయ్యవచ్చునా యని కొందరు సందేహింతురు. కొందరు పుచ్చుకొందురు, అవసరము ఉండును. అందు చిన్నతనము లేదు. కొందరు లక్కమ్మవలె వద్దందురు. వద్దన్నవానిని బలవంతము చేయరాదు. పంక్తిభోజనమునందు ఈ చిక్కు లేదు. అది ఒకరు ఇచ్చి ఒకరు పుచ్చుకొనునది గాక, అందరును కలిసి తినునది.

ఆయ్దక్కి దంపతుల కథకు మరియొక భాగము గలదు. ఏరి తెచ్చిన గుప్పెడు బియ్యముతో ఆ లక్కమ్మయే ఒకనాడు బసవేశ్వరుని, ఆయన వెంటనున్న జంగమ సమూహమును భోజనమునకు పిలిచెనని చెప్పుదురు. ముంగిట గింజలేరుకొనువారు ఆతిథేయులైరి. భాండారము చేతనున్నవాడు అతిథియై వచ్చి కూర్చుండెను. బడి బస్సు విషయమునను ఇది ఇదివరకే జరిగియున్నది, ఎవరును గమనింపలేదు. ఆయుధపూజ ముగిసిన పిదప డ్రైవరు బొరుగులు, పుట్నాలు, బెల్లపు తునక కాగితపు పొట్లములలో కట్టి, ముందుటద్దము క్రింద పేర్చుకొనును. సెలవులు తీరి బడి తెరచిన ప్రొద్దున, ఊరూరను ఎక్కు బిడ్డలకు ఒక్కొక్కటి చేతికిచ్చును. కొందరు బస్సులోనే తిందురు. ఒక పసిది తన పొట్లమును పుస్తకముల సంచిలో దాచుకొని సాయంకాలము ఇంటికి తెచ్చును. ఎవరిచ్చినారే అని తల్లి అడుగును. డ్రైవరన్న ఇచ్చినాడని చెప్పి, ఆ అన్న పేరేమో, వారి ఊరేదో, వారి పాపకు ఈనడుమ జ్వరము వచ్చిన సంగతి కూడ ఆ బిడ్డ చెప్పును. తల్లికి అవన్నియు అప్పుడే తెలియును.